మారెక్క పిడికిలి

అనగా అనగా, మన తాతల తాతలకు తాతలున్న కాలంలో, ఒక కొండ వాలున మారెక్క అనే ముసలమ్మకు చిన్న చేను ఉండేది. కింది సగంలో జొన్న వేసేది. పై సగాన్ని తుమ్మకూ రేగుకూ గడ్డికీ వదిలేసేది. ఆ దిగువనే ఊరంతా నీళ్లు ముంచుకునే చెలమ.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. మూడేళ్లు నాగలి పడని నేల కోటదైపోతుంది.

మొదటి ఏడు కోట మనిషి వచ్చాడు.

"పైన ఎందుకు దున్నలేదు మారెక్కా?"

"వాన ఎటు పోతుందో చూస్తున్నా సామీ."

రెండో ఏడూ వచ్చాడు.

"ఇంకా చూస్తున్నావా?"

"చూస్తున్నా సామీ. నా వాలులో దిగిన వాన ఎక్కడ దాక్కుంటుందో తెలియడం లేదు."

కోట మనిషికీ వింతగానే తోచింది. కానీ కట్టడి కట్టడే.

మూడో ఏడు, కోట మనిషి ఇంకా రాకముందే, పక్క చేని ఓబన్న ఎద్దుల్ని తోలుకొచ్చాడు.

"పెద్దమ్మా, ఒక్క చాలు తోలెయ్. దున్నినట్టే లెక్క. నేల నిలుస్తుంది."

మారెక్క నాగలి దింపింది. మన్ను జానెడు విచ్చుకుంది. మండుటెండలో, చల్లగా, తడిగా! ఆమె చెయ్యి పెట్టి చూసింది.

"ఒరే ఓబన్నా, ఇక్కడ దాక్కుందిరా!"

వెంటనే నాగలి ఎత్తేసి, మన్ను కప్పేసింది.

"నేల పోతుంది పెద్దమ్మా!"

"పోతే పోనీరా. దీని కడుపు నేను కోయలేను."

నేల పోయింది. కోట దాన్ని ఓబన్నకే ఇచ్చింది. అతను చెట్లు కొట్టి దున్నాడు. వానకు మన్ను వాగులోకి జారిపోయింది. వేసవికి చెలమ ఎండింది. ఆ వేసవిలోనే మారెక్క పోయింది. ఆమెకు చివరి స్నానం చేయించడానికి పక్క ఊరి నుంచి నీళ్లు మోసుకొచ్చారు.

ఓబన్న తట్టుకోలేక రాజు దగ్గరికి వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు.

"నీళ్లు మన్నులో దాక్కుంటాయా?" అని రాజు తానే వచ్చి చూశాడు. నాగలి పడని పక్క కొండ మీద గడ్డి కింద మన్నులో చెయ్యి పెట్టాడు. చల్లగా తడి తగిలింది. చాలాసేపు తియ్యలేదు.

తర్వాత కొత్త కట్టడి వచ్చింది. చెట్టుకు వదిలిన వాలును కోట తీసుకోదు, దానికి శిస్తూ లేదు. అక్కడ పండాల్సిన జొన్న కోట గాదె ఇస్తుంది.

ఓబన్న వాలును వదిలేశాడు. గాదె నుంచి మొదటి మూట తెస్తూ అక్కడ ఆగాడు. ఒక పిడికెడు గింజలు గడ్డిలో చల్లి, "ముందు నీది పెద్దమ్మా," అన్నాడు. చెలమలో నీరు ఊరేసరికి అతనికి మనవలు పుట్టారు.

ఇప్పటికీ ఆ సీమలో, అడవికి వదిలిన నేలకు సర్కారు సాయం అందితే, ముందు ఆ నేల మీద పిడికెడు జొన్నలు చల్లుతారు. పిట్టలు వాలుతాయి. పిల్లలు తోలబోతే పెద్దలు చెయ్యి పట్టుకుని ఆపుతారు.

"ఆగండర్రా, మారెక్క తిననీ."