గడ్డిపెళ్ల ఇచ్చిన రాజు

అనగనగా ఒక రాజు. రాజనగానే ఏనుగులూ అంబారీలూ అనుకునేరు, అవేం లేవు! చుట్టూ సముద్రం, ఒడ్డు పొడుగునా సున్నం కొట్టినట్టు తెల్లటి కొండలు, ఎప్పుడు చూసినా ముసురు. ఆ దీవికి రాజు ఎల్‌స్టన్. మంచివాడే గానీ ఎవరేం చెప్పినా సరేననే రకం. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కెన్రిక్, రెండోవాడు బెర్న్, చిన్నవాడు లియోఫ్.

ఆ దీవి మీదికి ఏటా వసంతంలో సముద్రపు దొంగలు వచ్చిపడేవాళ్లు. వాళ్ల నాయకుడు గ్రింకెల్ పెద్ద మాంత్రికుడు. అతని పడవ ముందు కొయ్యతో చెక్కిన పాము తల ఉండేది. అది మామూలు కొయ్య కాదర్రా! ఉఫ్ అని ఊదిందంటే ఎదుట నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే రాళ్లయిపోయేవాళ్లు.

మొదటి ఏడు కెన్రిక్ సైన్యంతో ఎదురెళ్లాడు. పాము తల ఊదింది. ఎత్తిన కత్తి ఎత్తినట్టే కెన్రిక్ రాయైపోయాడు. చూసినవాళ్లు నోరు తెరిచి మూయడం మర్చిపోయారు.

రెండో ఏడు మంత్రులు, "కొట్లాట ఎందుకు ప్రభూ, బంగారం ఇచ్చి పంపేద్దాం" అన్నారు. రాజు సరేనన్నాడు. బెర్న్ ఖజానా అంతా బండ్లకెత్తి ఒడ్డుకు తీసుకెళ్లాడు. రాజూ వెంట వెళ్లాడు. గ్రింకెల్ మళ్లీ ఈ వైపు చూడనని ఒట్టు వేశాడు. బంగారం పడవలోకి ఎక్కించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఏం చేశాడో తెలుసా? బెర్న్ మీద కూడా ఊదించాడు!

"వచ్చే ఏడు నీ దేశం కోసం వస్తా. సిద్ధంగా ఉంచు!" అని నవ్వుకుంటూ పోయాడు.

చూసినవాళ్లు నోరు తెరిచి మూయడం మర్చిపోయారు. రాజు ఇసుకలోనే కూలబడ్డాడు. ఒట్టు వేసి తప్పేవాళ్లుంటారని ఆ పిచ్చి మారాజుకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు లియోఫ్, "నాన్నగారూ, వాడి ప్రాణం ఎక్కడ దాచాడో కనుక్కొస్తాను" అన్నాడు.

"ఇద్దరు రాళ్లయ్యారు. నువ్వూ పోతే నన్ను నాన్నా అని పిలిచేదెవడురా?" అని రాజు ఏడ్చాడు. అయినా లియోఫ్ బయల్దేరాడు.

దారిలో ఒక తిమింగలం ఇసుకలో చిక్కుకుని రొప్పుతోంది. లియోఫ్ మూడు రోజులు కాలువ తవ్వి దాన్ని నీళ్లలోకి వదిలాడు. అక్కడే వలలో ఒక అడవి బాతు గిలగిలా కొట్టుకుంటోంది. దాని ముడులూ విప్పాడు. తిమింగలం, "ఎక్కు బాబూ, ఎక్కడికంటే అక్కడికి" అంది. బాతు, "దారి నేను చూపిస్తా" అంది. పొగమంచు సముద్రం దాటారు, మంచుగడ్డల సముద్రం దాటారు, అలా ఏడు సముద్రాలూ దాటి దొంగల దీవి చేరారు.

బాతు ఒక రాతికోట కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "ఆమె హిల్డా. పక్క దీవి రాకుమారి. ఎత్తుకొచ్చి మూడేళ్లయింది. పాము తలకు నూనె రాసే పని ఆమెది. ఆమెనడుగు" అంది.

హిల్డా లియోఫ్‌ని చూసి హడలిపోయింది. "ఇక్కడికెలా వచ్చారు! పట్టుకుంటే చంపేస్తారు" అంది. అతను తన కథంతా చెప్పాడు.

"అతని ప్రాణం పాము తల నోట్లో, ఒక బొంతకాకి గుడ్డులో ఉంది" అంది హిల్డా. "కానీ ఏం లాభం? గ్రింకెల్ సొంత నేల మీద దాన్ని సమ్మెటతో కొట్టినా పగలదు. పరాయి నేల మీదైతే చిటికెలో పగులుతుంది. అక్కడేమో తల పడవ మీదే ఉంటుంది, ఎవరినీ దగ్గరికి రానివ్వదు."

"దాన్ని అసలు దించరా?"

"సొంత ఒడ్డు కనిపిస్తే దించుతారు. వీళ్ల ఆచారమది. తమ నేలను కాచే చిన్న చిన్న దేవతలు పాము తలను చూసి జడుసుకుంటారట. అందుకే తలను ఊడదీసి తోలుసంచిలో పెడతారు. సంచి నా చేతికిచ్చి, అతను ముందు దిగి నేలను ముద్దు పెట్టుకుంటాడు."

లియోఫ్‌కి ఒక ఉపాయం తట్టింది. "వచ్చే వసంతంలో మీరూ పడవలో వస్తారా?" అని మాత్రం అడిగాడు. వస్తానంది. తన ఉపాయం చెప్పలేదు. చెబితే ఆమె మొహం చూసి మాంత్రికుడు పసిగడతాడని భయం. వెళ్తూ ఆమె కిటికీ కింద గడ్డితో సహా ఒక మట్టిపెళ్ల కోసుకుని పట్టుకుపోయాడు. దాని నిండా చిన్న చిన్న పసుపు పూలు. ఆ పూలు ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా పూయవు.

అంత మట్టి దేనికంటారా? ఎల్‌స్టన్ దేశంలో నేల ఇచ్చేటప్పుడు పత్రాలు రాయరు. ఆ నేలలో గడ్డిపెళ్ల కోసి నలుగురూ చూస్తుండగా చేతిలో పెడతారు. అంతే, నేల చేతులు మారినట్టే.

లియోఫ్ ఆ పెళ్లను కుండలో పెట్టి చలికాలమంతా నీళ్లు పోశాడు. సంగతి తండ్రి చెవిలో మాత్రమే చెప్పాడు. వసంతం రాగానే దొంగల పడవలు కనిపించాయి. రాజు పెళ్ల పట్టుకుని కొడుకుతో చిన్న పడవ ఎక్కబోతుంటే జనం ఘొల్లుమన్నారు. దేశాన్నే ఇచ్చేస్తున్నాడా! ఒక ముసలమ్మకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన మట్టిగడ్డ తీసి రాజు మొహం మీద విసిరింది. రాజు తుడుచుకోలేదు. అలాగే వెళ్లాడు.

నడి నీళ్లలో గ్రింకెల్ చేతిలో గడ్డిపెళ్ల పెట్టి, "ఇది ఏ నేల మట్టో ఆ నేల నీది, నీ పిల్లలది" అన్నాడు గట్టిగా.

గ్రింకెల్ పొంగిపోయాడు. బంగారమైతే కొరికి చూసేవాడు, గడ్డిని ఎవరు చూస్తారు? "ఈ నేల మనదేరోయ్! తల దించండి!" అని అరిచాడు. తల సంచిలోకి వెళ్లింది. పడవ ఒడ్డు తాకగానే సంచి, దాని మీద గడ్డిపెళ్ల, రెండూ హిల్డా చేతిలో పడేసి కిందికి దూకాడు.

హిల్డా దిగుతూ, ఒడ్డున తండ్రి పక్కన తల వంచుకుని నిలబడ్డ లియోఫ్‌ని చూసింది. ఇతన్నా నేను నమ్మింది! కళ్లనీళ్లు టపటపా పెళ్ల మీద పడ్డాయి. అప్పుడు కనిపించింది, తన కిటికీ కింది పసుపు పువ్వు.

గ్రింకెల్ వంగి నేలను ముద్దు పెట్టుకుంటున్నాడు. హిల్డా సంచి విప్పింది, పాము నోట్లో చెయ్యి పెట్టింది, గుడ్డు తీసి ఒడ్డున ఉన్న రాయికేసి కొట్టింది. టప్‌మని పగిలింది!

"ఇది నా నేలే కదా!" అన్నాడు గ్రింకెల్, పెదాలకు ఇసుక అంటుకుని. ఈసారి నోరు తెరిచి మూయడం మర్చిపోయింది అతనే. అలాగే బూడిదైపోయాడు.

రాళ్లు కదిలాయి. బెర్న్ తండ్రి దగ్గరికి పరుగెత్తాడు. కెన్రిక్ రెండేళ్ల కింద ఎత్తిన కత్తిని గాల్లో ఝళిపించి, "ఏడీ వాడు?" అన్నాడు. రాజు ముగ్గురినీ ఒకేసారి కావలించుకోబోయి చేతులు చాలక ఏడ్చేశాడు. నాయకుడు పోయిన దొంగలు గడగడా వణుకుతుంటే, వాళ్ల పెళ్ల వాళ్లకే ఇచ్చి, "మీ నేల మీరు తీసుకుపొండి" అని పంపేశాడు.

లియోఫ్‌కీ హిల్డాకీ పెళ్లయింది. పెళ్లి భోజనాల దగ్గర ఆ ముసలమ్మ వచ్చి రాజు కాళ్ల మీద పడింది. "మొహాన మట్టి కొట్టాను, నన్నేం చేసినా పాపం లేదు దొరా" అంది.

రాజు ఆమెను లేవదీసి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. "ఆ రోజు నా చేతిలో ఉన్నది పరాయి మట్టి అవ్వా. నువ్వు విసిరిందే మన మట్టి. అందుకే తుడుచుకోలేదు" అన్నాడు.

ఆ తరవాత లియోఫ్, హిల్డా ఆమె పుట్టిన దీవిని నలభై ఏళ్లు చల్లగా ఏలారు. వాళ్లు అక్కడ సుఖంగా ఉన్నారు, మీరు ఇక్కడ దుప్పట్లు కప్పుకోండి.