ఉడుము మింగిన మాట

కళ్లు మూసుకుని వినండర్రా పిల్లలూ. అనగనగా ఒక అడవిలో, మబ్బులు నేల మీద కూర్చుని అలుపు తీర్చుకునే గుట్ట ఒకటి ఉండేది. దాని పేరు మంచుగుట్ట. తెల్లవారితే చాలు, అక్కడ పాలలాంటి పొగమంచు కమ్మేది. ఎవరి తోక వారికే కనిపించేది కాదు. మాటలు మాత్రం గాలిలో తేలుతూ వినిపించేవి. అన్నదెవరో తెలియదు కాబట్టి ఆ మంచులో అందరికీ ధైర్యమే. పగలు నక్కను చూస్తే వణికే కుందేలు కూడా అక్కడ గర్జించేది!

గుట్టకు దిగువన జమ్ముగడ్డి పెరిగిన మడుగు ఉంది. ఆ నీళ్లు మావంటే మావని ఏనుగులూ అడవిదున్నలూ పోట్లాడుకుంటున్నాయి. "మడుగులోని చిన్న ప్రాణులను కాపాడటానికే వచ్చాం" అని రెండు మందలూ చెప్పేవి. కాపాడుతూ కాపాడుతూ జమ్మునంతా తొక్కేశాయి.

గుట్ట మీద ఉడుము దున్నల పక్షం, కొండముచ్చు ఏనుగుల పక్షం. రెండూ ఏనాడూ ఆ మడుగులో కాలు పెట్టి ఎరగవు.

"మొదలుపెట్టింది ఏనుగులే!" అంది ఉడుము.

"నిరుడు దున్నలు వెదురుతోపును నేలమట్టం చేసినప్పుడు నీ నోరేమైంది?" అంది కొండముచ్చు.

"అంతకుముందు ఏనుగులు పుట్టలన్నీ కూల్చినప్పుడు నువ్వు నిద్రపోయావా?"

"భలే! భలే!" అని మంచులోంచి కేకలు. నిజానికి రెండూ చెప్పింది నిజమే. అవతలివాళ్ల తప్పు చూపిస్తే తమవాళ్ల తప్పు కడుక్కుపోతుందని రెండింటికీ ఒక పిచ్చి నమ్మకం.

అప్పుడు ఒక సన్నని గొంతు వినిపించింది. "అన్నలారా, నేను మడుగులో ఉండే నీటికోడిని. మా గూడు పోయింది. పిల్లలు రెండింటినీ తీసుకుని ఇటు పారిపోయి వచ్చాను. ఈ మంచులో తప్పిపోయాయి. అవి పిలిస్తే నాకు వినబడాలి. కాసేపు ఊరుకోరూ?"

"విన్నారా! ఏనుగులు ఈమె గూడు తొక్కేశాయి!" అని అరిచింది ఉడుము.

"ఏనుగులని ఆమె అందా? దున్నలే!" అని ఇంకా గట్టిగా అరిచింది కొండముచ్చు.

నీటికోడి మళ్లీ బతిమాలింది. "అన్నా, గుట్ట అంచున లోయ ఉంది. నా పిల్లలకు ఎగరడం రాదు."

"ముందు నువ్వెవరి పక్షమో చెప్పు!" అన్నాయి మంచులోని గొంతులు.

"నేను నా పిల్లల పక్షం."

ఎవరో పకపకా నవ్వారు. పాపం, ఆ తల్లి మూడోసారి అడగలేదు. తడుముకుంటూ నడిచి, ఉడుము తోకకు తగిలింది. తడిసిన చిన్న ఒళ్లు. గడగడా వణుకుతోంది. అంతవరకూ ఉడుముకు ఆమె ఉత్త గొంతే.

సరిగ్గా అప్పుడే ఉడుము నాలుక చివర గొప్ప జవాబు ఒకటి సిద్ధంగా ఉంది. అంటే చాలు, కొండముచ్చు నోరు శాశ్వతంగా మూతపడేది. ఉడుంపట్టు సంగతి మీకు తెలుసుగా? పట్టిందంటే వదలదు. అలాంటి ఉడుము ఆ మాటను గుటుక్కున మింగేసింది.

"కొండముచ్చు బావా, నువ్వే గెలిచావు. ఇక నోరు మూసుకో" అంది.

ఎదురు మాట లేకపోతే ఎంతసేపని అరుస్తుంది? కొండముచ్చు ఊరుకుంది. మెల్లగా గుట్టంతా ఊరుకుంది. ఆకుల మీంచి మంచు చుక్కలు జారడం కూడా వినిపించింది.

"కీచ్..."

బండ చాటునుంచి! నీటికోడి పరుగెత్తి పిల్లను రెక్క కింద పొదువుకుంది. రెండో పిలుపు కోసం అందరూ ఊపిరి బిగబట్టారు. మంచు పలచబడింది. ఎండ వచ్చింది. రెండో పిలుపు రాలేదు.

ఇప్పుడు అందరి ముఖాలూ అందరికీ కనబడుతున్నాయి. ఉడుము తలవంచుకుని అడిగింది. "అమ్మా, గూడు తొక్కిందెవరు?"

"ఏనుగు కాలూ చూశాను, దున్న గిట్టా చూశాను. రెండింటి సంగతీ అడవంతటికీ చెబుతాను" అంది నీటికోడి. "కానీ అన్నా, నేను మొదటిసారి మిమ్మల్ని అడిగినప్పుడు నా పిల్లల గొంతులు రెండూ సన్నగా వినబడుతూనే ఉన్నాయి."

నీతి: యుద్ధంలో తప్పెవరిదో తేల్చవలసిందే. కానీ ఆ వాదులాటలో దెబ్బతిన్నవారి పిలుపు మునిగిపోతే, ఆ తప్పులో మనకూ వాటా ఉంటుంది.