వరాలు కడుపు నిండుకుంది

అనగనగా ఒక ఊళ్ళో... ఊఁ కొట్టవేమే అమ్ములూ? ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. ఆఁ, అలాగ. అనగనగా ఒక ఊళ్ళో వరాలు అని ఒక ఇల్లాలు ఉండేది. ఆవిడ మొగుడు సూరన్న. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది కనకం, చిన్నది బుల్లెమ్మ. బుల్లెమ్మ అచ్చం నీలాగే, ముందు పళ్ళు ఊడిపోయాయి గానీ నోరు మాత్రం ఆగేది కాదు.

సూరన్న బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. అందుకని ఇంట్లో తిండికి లోటు ఉండేది కాదు. అలాంటిది ఒక ఎండాకాలం పొద్దున్నే పనికి వెళ్ళేసరికి మిల్లుకి తాళం వేసి ఉంది. యజమాని చెప్పాపెట్టకుండా మూసేసి వెళ్ళిపోయాడు. సూరన్న ఆ తాళం వైపు చూస్తూ చాలాసేపు కొయ్యబారి నిలబడిపోయాడట. అప్పటినుంచి ఆయనకి పని దొరికిన రోజు దొరికింది, దొరకని రోజు లేదు.

అప్పుడు వరాలు ఏం చేసింది? ఏడుస్తూ కూర్చుందా? ఏడిస్తే పొయ్యి వెలుగుతుందేంటి? కొంగు బొడ్లో దోపుకుంది. "ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో ఏదీ పారేసేది లేదు" అంది.

ముందు గొడుగు సంగతి చెబుతాను. గాలికి తిరగబడి, ఊచలు వంకరపోయిన నల్ల గొడుగు ఒకటి అటక మీద పడి ఉంది. వరాలు దాన్ని దింపి, గుడ్డ విప్పి, పిల్లలిద్దరికీ బడిసంచులు కుట్టింది. వానొచ్చినా లోపల పుస్తకం తడవదు. ఆ తర్వాత ఊచలు సాపు చేసి, పెరట్లో బీరపాదు ఎక్కడానికి పందిరిలా కట్టింది. ఆ తర్వాత వంకీ పిడి ఒకటి మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి వంటింటి తలుపుకి బిగించింది. పక్కింటి భూషణం ఇదంతా గోడ మీంచి చూసి, ముక్కు మీద వేలేసుకుని అలాగే ఉండిపోయింది. లోపల ఆవిడ పొయ్యి మీద పాలన్నీ పొంగిపోయాయి.

ఆ బీరపాదు కాసింది. వరాలు కాయ కూర వండేది, చెక్కు పచ్చడి చేసేది, ముదిరిపోయిన కాయని ఎండబెట్టి ఆ పీచుతో పిల్లల వీపులు రుద్దేది. చిరిగిన చీరలు బొంతలయ్యాయి. బొంతలకి పనికిరాని పీలికలు మసిగుడ్డలయ్యాయి. గంజి సగం తాగడానికి, సగం సూరన్న చొక్కాకి పెట్టడానికి. చూసినవాళ్ళు చూసినట్టే నోరెళ్ళబెట్టేవాళ్ళు.

వరాలుకి ఒక పట్టింపు ఉండేది, అది నీకు చెప్పాలి. ఆవిడ అబద్ధం ఆడదు. చచ్చినా ఆడదు. బస్సులు ఆగే చోట పుచ్చకాయ రసం అమ్మే బండి ఉండేది. అతను ఎర్ర గుజ్జు చెంచాతో తోడేసి, తొక్కలు బుట్టలో పడేసేవాడు. వరాలు వెళ్ళి ఆ తొక్కలు అడిగింది. "గేదెకా అమ్మా?" అన్నాడు. "ఇంట్లోకి నాయనా" అంది వరాలు. ఇంట్లో గేదె ఉంది కాబోలు అనుకుని సంచి నిండా పెట్టాడు. చూశావా, ఆవిడ చెప్పింది నిజమే. అతను అనుకున్నది మాత్రం వేరు.

ఇంటికి తెచ్చి ఏం చేసింది? శుభ్రంగా కడిగింది. పైన ఆకుపచ్చ చెక్కు తీసేసింది. తెల్లటి కండ ముక్కలు కోసి, పెసరపప్పు వేసి, కరివేపాకుతో పోపు పెట్టింది. తింటే సొరకాయ కూరే అనుకోవాలి. తీసేసిన చెక్కు భూషణం గేదెకి వేసేది. భూషణం ఊరికే తీసుకోదు కదా, చెంబుడు మజ్జిగ ఇచ్చేది. అంటే పారేసిన తొక్కలోంచి కూరా వచ్చింది, మజ్జిగా వచ్చింది. భూషణం అయితే చెంబు చేతిలో పట్టుకుని, "నీ బుర్రలో ఏముందే వరాలూ" అని బిత్తరపోయింది.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాను. నిద్రపోకు.

మన ఇళ్ళలో ఉప్పు అయిపోయిందనుకో, అయిపోయింది అనకూడదు. బియ్యం లేవు అనకూడదు. లేవు లేవు అంటే నిజంగానే లేకుండా పోతాయని పెద్దవాళ్ళ భయం. అందుకని ఏమంటాం? నిండుకుంది అంటాం. ఉప్పు నిండుకుంది అంటే ఉప్పు ఖాళీ అని. నవ్వకు, నిజంగానే అలా అంటాం. మీ అమ్మ పొద్దున నూనె నిండుకుందని నాన్నతో చెప్పలేదూ? దీపం ఆరింది అనకుండా కొండెక్కింది అంటామే, ఇదీ అలాంటిదే.

పెద్దవాళ్ళకి ఇది తెలుసు. బుల్లెమ్మకి తెలియదు. దానికి నిండుకుంది అంటే నిండింది అనే. అమ్మ డబ్బా మూత తీసి చూసి "బియ్యం నిండుకున్నాయి" అంటే, డబ్బా నిండా బియ్యం ఉన్నాయని అది సంబరపడిపోయేది. బడిలో కూడా చెప్పుకునేది.

అన్నాల దగ్గర వరాలు అందరికీ వడ్డించేది. గిన్నె అడుగు గరిటెకి తగిలాక గరిటె పక్కన పెట్టేసేది. "నువ్వు తినవా అమ్మా?" అని పిల్లలు అడిగేవాళ్ళు. అప్పుడు ఆవిడ నవ్వి, "నా కడుపు నిండుకుందమ్మా" అనేది. పిల్లలు సరే అని చెయ్యి కడుక్కునేవాళ్ళు. సూరన్న కూడా అడిగేవాడు. ఆయనకీ అదే మాట. ఆయన పెద్దవాడే, మాట తెలిసినవాడే. కానీ తింటూ వినే మగవాడికి మాట సగమే చేరుతుంది. నిండు అన్నంతవరకు విని, ఊఁ అనేవాడు.

నీకు అర్థమైందా అమ్ములూ? వరాలు అబద్ధం ఆడలేదు. తన కడుపు ఖాళీగా ఉందని రోజూ, అందరి ముందూ, నవ్వుతూ చెబుతూనే ఉంది.

పొద్దున ఒక గ్లాసుడు గంజి తాగేది. గిన్నె తోమే ముందు అడుగంటిన నాలుగు మెతుకులు గోక్కుని నోట్లో వేసుకునేది. అంతే. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు ఎక్కువ వచ్చేవి. ఒకరోజు కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడిపోయింది. భూషణం పరిగెత్తుకుని వస్తే, "ఎండమ్మా, ఎండ బాగా ఉంది" అంది. ఎండ ఉన్న మాట నిజమేగా. నాకు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆవిడ మంచం పట్టిందంటే ఆ పిల్లల గతి ఏం కావాలి?

ఇలా ఉండగా సూరన్న అక్క మంగాయమ్మ పొరుగూరి నుంచి బస్సు దిగింది. నోరు గట్టి మనిషి. వరాలు పిసినారితనంతో తన తమ్ముడి కడుపు మాడుస్తోందని ఎవరో చెవిన వేశారు. నాలుగు దులిపేసి పోదామని వచ్చింది. చేతిలో మాత్రం పిల్లలకని అటుకులు, బెల్లం ఉన్నాయిలే.

సరిగ్గా అన్నాల వేళకి వచ్చింది. వరాలు పీట వేసి వడ్డించింది. మంగాయమ్మ తిట్టడానికి వచ్చింది కానీ, కూర నోట్లో పెట్టుకోగానే ఆ సంగతే మరిచిపోయింది. "సొరకాయ లేతగా ఉంది, ఇంకొంచెం వెయ్యి" అంది. వేసింది. "కాస్త అన్నం కూడా" అంది. వరాలు గిన్నె గోకి వడ్డించింది.

అప్పుడు బుల్లెమ్మ ఊరుకుంటుందా? "అది సొరకాయ కాదత్తా, పుచ్చకాయ తొక్కలు" అంది.

మంగాయమ్మ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. కంచం వైపు చూసింది, వరాలు వైపు చూసింది. "నా తమ్ముడికి తొక్కలు వండి పెడుతున్నావా? డబ్బాల నిండా దాచుకుని, ఇంటికొచ్చిన ఆడపడుచుకి కూడా తొక్కలేనా?" అంది. వరాలు తల వంచుకుంది. సూరన్న గతుక్కుమన్నాడు.

బుల్లెమ్మకి ఏడుపు వచ్చింది. అమ్మని అంటే ఊరుకోలేదు కదా. లేచి నిలబడి, అమ్మ తరఫున వాదించడం మొదలుపెట్టింది.

"మా అమ్మ ఏం దాచదు అత్తా. మా ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయి. బియ్యం నిండుకున్నాయి. పప్పు నిండుకుంది. నూనె కూడా నిండుకుంది. మా అమ్మకి రోజూ కడుపు నిండుకుంటుంది. మాకే ఇంకొంచెం తినాలని ఉంటుంది గానీ అమ్మకి ఉండదు."

మంగాయమ్మ ముఖంలో రక్తం లేదు. కనకం ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయింది. దానికి ఆ మాట తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ తట్టలేదు. సూరన్నకి పొలమారింది.

మంగాయమ్మ ఎడమచేత్తో వంటింటి తలుపు తోసి, బియ్యం డబ్బా మూత తీసింది. ఉట్టి డబ్బా పెట్టకూడదని అడుగున గుప్పెడు గింజలు వదిలి ఉన్నాయి. ఆ తర్వాత పప్పు డబ్బా తీసింది. ఆ తర్వాత నూనె సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. ఇక చూడలేక వెనక్కి వచ్చి వరాలు ఎదురుగా నిలబడింది.

"నువ్వు తిన్నావా?"

"నా కడుపు నిండుకుంది వదినా."

"నిండిందా, నిండుకుందా? ఆ ఒక్కటీ చెప్పు."

వరాలు పెదవులు కదిలాయి. మాట రాలేదు. నిండింది అనడానికి ఆవిడకి నోరు రాదు, అబద్ధం అవుతుంది కాబట్టి. అలా నిలబడి నిలబడి, గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

మంగాయమ్మ చెయ్యి కడుక్కుంది. తాను మళ్ళీ అడిగి వేయించుకున్న అన్నం ఎవరిదో ఆవిడకి అప్పుడు తెలిసింది. సంచిలోంచి అటుకులు తీసి, భూషణం ఇచ్చిన మజ్జిగలో నానబెట్టి, కాస్త ఉప్పు వేసి కలిపి, వరాలు పక్కన కూర్చుని ముద్దలు చేసి నోట్లో పెట్టింది. ఒక్క తిట్టూ తిట్టలేదు. పెడుతూ పెడుతూ ఏడ్చేసింది. "గొడుగు పిడి కూడా పారెయ్యని దానివి, నిన్ను నువ్వు ఎలా పారేసుకున్నావే" అంది. సూరన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తన పెళ్ళాం రోజూ ఉన్నమాటే చెప్పింది, తానే వినలేదు. చిన్నపిల్ల చెబితే గానీ వినపడలేదు. ఆ సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

ఆ సాయంత్రం మంగాయమ్మ ఊరెళ్ళలేదు. భూషణం దగ్గర కొన్ని బియ్యం బదులు తెచ్చి, రోజూ వండేవాటికి తన ఒక్కదాని వాటా కలిపి వండించింది. ఎక్కువ వండనివ్వలేదు. వడ్డన తానే చేసింది. సూరన్నకి, కనకానికి, బుల్లెమ్మకి, తనకి ఎప్పటిలాగే పెట్టింది. గిన్నె ఖాళీ అయింది. అప్పుడు ఒక ఉట్టి కంచం తెచ్చి మధ్యలో పెట్టింది. ఎవరూ చెయ్యి పెట్టకముందే ఒక్కో కంచంలోంచి కాస్త కాస్త అన్నం తీసి అందులో వేసింది. పిల్లల దగ్గర చిన్న ముద్దంత, పెద్దవాళ్ళ దగ్గర పెద్ద ముద్దంత.

మధ్యలో కంచం నిండింది.

అందరూ తమ కంచాల వైపు చూసుకున్నారు. తగ్గినట్టే లేదు. బుల్లెమ్మ అయితే తన కంచంలోంచి తీశారా లేదా అని రెండుసార్లు చూసుకుంది. సూరన్న ఆ కంచాన్ని చూస్తూ దిమ్మెరపోయాడు.

"ఇంతేనా అక్కా?" అన్నాడు.

"ఇంతేరా. ఈ కాస్తకే నీ పెళ్ళాన్ని పోగొట్టుకునేవాడివి" అంది మంగాయమ్మ.

వరాలు ఎన్ని తొక్కలు వండింది, ఎన్ని పీలికలు కుట్టింది, ఈ కాస్త లెక్క ఆవిడకెందుకు తోచలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, వాళ్ళకీ తోచలేదు చూడు. అదే నాకు మరీ విడ్డూరం.

ఆ తర్వాత మంగాయమ్మ ఆ కంచం వరాలు ముందు పెట్టి, "ముందు నువ్వు ముద్ద ఎత్తు, ఆ తర్వాతే మేం" అంది. వండిన మనిషి ముందు తినడమేంటని వరాలు తెల్లబోయింది. ఆవిడ పుట్టిన తర్వాత అలా ఎప్పుడూ తినలేదు. ఎవరూ కదల్లేదు. సూరన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. బుల్లెమ్మ ఆకలికి గుటకలు మింగుతోంది గానీ అన్నం ముట్టుకోలేదు. చివరికి వరాలు ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు కంచంలో పడుతుంటే, నమలడం మరిచిపోయి అందరి ముఖాలూ చూసింది.

మిల్లు తెరిచారా అంటావా? తెరవలేదు. పుచ్చకాయ తొక్కలు వండుతూనే ఉన్నారు, గోడ మీంచి భూషణం చూస్తూనే ఉంది. కాకపోతే అప్పటినుంచి ఆ ఇంట్లో మొదటి ముద్ద వరాలుదే. ఆవిడ నోట్లో పెట్టుకునేదాకా బుల్లెమ్మ ఎదురుగా కాపలా కూర్చునేది.

ఏమే అమ్ములూ, పడుకున్నావా? ఏంటీ, మీ అమ్మ తిందా లేదా అని అడగాలా? వెళ్ళు, వెళ్ళి అడిగిరా. నిండిందందో, నిండుకుందందో సరిగ్గా విను. నేను మేలుకునే ఉంటాను.

కథ నడిచింది కంచికి,
కునుకు వచ్చింది మంచానికి,
తొలి ముద్ద వండిన మనిషికి,
మలి ముద్ద మన బుల్లి బొజ్జకి.