పది చలికాలాల ఆట

కేదారి మనసులో ఒక బాధ నలుగుతోంది. స్వామివారు రేపోమాపో నాలుగు నెలల యాత్రకు బయల్దేరతారు. ఆశ్రమం ఎవరికి అప్పగిస్తారో ఇంకా చెప్పలేదు.

ఆరేళ్లుగా పనులన్నీ చూస్తున్నది తనే. అయినా స్వామి నోట తన పేరు రాలేదు. ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"నామీద నమ్మకం లేదా స్వామీ?"

"నువ్వు రోజూ గెలుస్తావట కదా, ఆ ఆట పట్రా. ఒకసారి ఆడదాం" అన్నారు విమలానంద స్వామి.

ఎవరో భక్తులు ఇచ్చిపోయిన ఆట అది, అట్టమీద బొమ్మలు పెట్టి ఆడేది. రాతియుగం నాటి మనుషుల కథ. ఆడేవాళ్లకు తలా పదిమంది ఉన్న గుంపు. వేటాడాలి, దుంపలు తవ్వాలి. చలికాలం వచ్చినప్పుడల్లా గుంపులో ఒక్కొక్కరికి ఒక తిండిబిళ్ల పెట్టాలి. పది చలికాలాలు దాటాక ఎవరి దగ్గర బిళ్లలు ఎక్కువ మిగిలితే వాళ్లదే గెలుపు.

మొదటి చలికాలంలోనే కేదారి ముసలమ్మ బొమ్మను తీసి అట్ట బయట పెట్టాడు.

"తింటుంది, వేటకి రాదు" అన్నాడు.

మూడో చలికాలంలో కాలు విరిగిన వేటగాడిని తీసేశాడు. తర్వాత మరో నలుగురిని. స్వామి మాత్రం ఎవర్నీ తియ్యలేదు. దొరికిన బిళ్లలు దొరికినట్టే పంచేశారు.

ఆట ముగిసేసరికి కేదారికి నలుగురు మనుషులు, దోసెడు బిళ్లలు మిగిలాయి. స్వామికి పదిమందీ మిగిలారు, బిళ్ల ఒక్కటీ లేదు.

"ఓడిపోయాను" అన్నారు స్వామి మామూలుగా.

మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. కేదారి వడ్డనకు నిలబడ్డాడు. స్వామి తన విస్తరి పట్టుకుని తిన్నగా బయటికి వెళ్లి, జల్లు పడుతున్నా మెట్టుమీద కూర్చున్నారు.

"అదేంటి స్వామీ, తడుస్తున్నారు!"

"నాకు డెబ్బయ్యారేళ్లు కేదారీ. నాలుగేళ్లుగా ఒక్క కట్టె మోసింది లేదు." స్వామి లోపలికి చూశారు. "పైడితల్లమ్మా, నువ్వూ రా. ఇలా కూర్చో."

ఇరవయ్యేళ్లు ఆశ్రమానికి వండిపెట్టిన పైడితల్లమ్మకు ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. ఏమీ అర్థంకాకపోయినా గోడ పట్టుకుని లేచింది.

కేదారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఈమె ఊరికే తింటోంది, చెల్లెలింటికి పంపేద్దామని పోయిన వారమే స్వామితో అన్నాడు.

గరిటె గిన్నెలో వదిలేసి పరుగున వెళ్లాడు. ముందు పైడితల్లమ్మ భుజం పట్టుకుని పీటమీద కూర్చోబెట్టాడు. తర్వాత వానలోకి వెళ్లి, స్వామి ముందు వంగి చెయ్యి చాచాడు.

"లోపలికి రండి స్వామీ."

స్వామి ఆ చెయ్యి పట్టుకుని లేచారు.

"అయితే రేపు పొద్దున్నే బయల్దేరతాను" అన్నారు.