ఉప్పు గంప, పేలాల గంప

ఏనాటిదో ఒక రాజ్యం. ఆ కోట వంటశాలలో చెంగల్వ అనే వంటకత్తె బియ్యప్పిండి జల్లిస్తుంటే వెన్నెల రాలినట్టుండేది. ఆ పిండే ఆమె మీదికి నింద తెచ్చింది.

"మానికెడు బియ్యం ఎంత తూగిందో మానికెడు పిండీ అంతే తూగాలి. తగ్గిందంతా నువ్వు దొంగిలించావు!" అన్నాడు కొఠారు అధికారి విరూపాక్షయ్య.

"పిండి తేలికండీ, బాబుగారూ."

"నాకే చెబుతావా? కొలత ఒకటైతే బరువూ ఒకటే. రేపు కొండమీది మొక్కు తీరగానే కోట విడిచిపో!"

ఆ కోటలోనే పూలు కట్టే తన మొగుడు మారయ్యను వదిలి చెంగల్వ ఎక్కడికని పోతుంది?

మొక్కునాడు రాజుగారితో సహా అందరూ తలా ఒక గంప మోస్తూ కొండెక్కడం అక్కడి ఆనవాయితీ. చెంగల్వ ఒక గంపలో ఉప్పు, ఇంకో గంపలో పేలాలు అందరి ముందూ కొలిచి పోసింది.

"రెండూ పదేసి మానికలే, బాబుగారూ. మీకు నచ్చింది ఎత్తుకోండి."

విరూపాక్షయ్య నిటారు కొండను ఒకసారి చూసి, చటుక్కున పేలాల గంప అందుకున్నాడు.

"కొలత ఒకటైతే బరువూ ఒకటేనని నిన్న నన్ను దొంగను చేశారు. మరి ఉప్పు వదిలేశారేమండీ?"

రాజుగారు పకపకా నవ్వారు.

"వంటశాల నీదేనమ్మా! ఆ ఉప్పు గంప ఈయన నెత్తికెత్తు."

నెరిసిన తలకు గుడ్డ చుట్టుకుంటున్న ఆ ముసలాయన్ని చూసి చెంగల్వకు జాలేసింది.

"పేలాలు మా ఆయన మోస్తాడు ప్రభూ. ఉప్పు నేనూ బాబుగారూ పట్టుకొస్తాం" అంటూ గంపకు ఒక పక్క వంగింది. రెండో పక్కన విరూపాక్షయ్య, తలెత్తకుండానే, చెయ్యి వేశాడు.