గోడకు చెరోవైపు తోటికోడళ్లు

ఒకప్పుడు, లోకంలో ఆడపిల్లలు కొత్తగా పుడుతున్న రోజుల్లో, మంగతాయి అనే పిల్ల ఉండేది. వాళ్లమ్మ పోలమ్మ ఏటిమీద పడవ నడిపేది. అమ్మలాగే గడ పట్టుకుని పడవ నెట్టాలని మంగతాయి కోరిక.

ఆ పిల్ల పొత్తికడుపులో అండాశయం అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లో వాకిలమ్మ, నట్టింటమ్మ అని ఇద్దరు తోటికోడళ్లు ఒకే ఇంట్లో ఉండేవారు. పిల్లకు ఎదిగే వయసు రాగానే ఈస్ట్రోజెన్ అనే మందు చేసి పంపడం వాళ్ల పని. చేదు మందు కాదులెండి, భయపడకండి. పెద్దవాళ్లు దాన్ని హార్మోను అంటారు. అది అందితేనే పిల్ల ఎదుగుతుంది, ఎముక గట్టిపడుతుంది.

మెదడు కింద శనగగింజంత పెద్దాయన ఒకాయన కూర్చుని ఉంటాడు. మనిషి గింజంతే గాని పెత్తనం ఒళ్లంతా ఆయనదే. మంగతాయికి వయసు రాగానే ఆయన కబురు పంపాడు. నెత్తురు బండి కట్టుకొచ్చి కొలెస్ట్రాల్ అనే కొవ్వుముద్ద వాకిట్లో దింపింది. పెద్దకోడలు వాకిలమ్మ దాన్ని రోట్లో రుబ్బింది. చిన్నకోడలు నట్టింటమ్మ పొయ్యిమీద పెట్టి వండింది. మందు ఘుమఘుమలాడింది.

"భలే కుదిరింది వాకిలమ్మా" అంది నెత్తురు, బండికెత్తుకుంటూ.

అంతే, నట్టింటమ్మ మూతి ముడుచుకుంది. వండింది తను, పేరు అక్కకా? మాటామాటా పెరిగి వేరుపడ్డారు. ఇంటి మధ్య పల్చటి గోడ లేచింది. వీధివైపు వాటా, రోలు పెద్దకోడలికి. లోపలి వాటా, పొయ్యి చిన్నకోడలికి. పంచుకున్నవాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

మాటలు మానేశారు గాని నోరు ఊరుకుంటుందా? గోడతో చెప్పుకునేవారు.

"గోడా గోడా, ఆవిడగారికి చెప్పు. బండి ఆగేది నా గుమ్మంలో. మందు నేనొక్కదాన్నే చేస్తాను."

"గోడా గోడా, పొయ్యి లేకుండా ఏం వెలగబెడుతుందో నేనూ చూస్తానని చెప్పు."

వాకిలమ్మ రుబ్బిన ముద్దనే బండికెక్కించింది. దాని పేరు ఆండ్రోజెన్. తొడ ఎముక రుచి చూసి పెదవి విరిచింది. "ఇల్లలకగానే పండగ కాదమ్మా. ఇది పచ్చిగా ఉంది" అంది. నట్టింటమ్మ దగ్గర పొయ్యి మండుతోంది గాని కుండలో వేయడానికి ఏమీ లేదు. లోపలికి బండి వచ్చే దారే లేదు మరి.

మందు తగ్గిందని పెద్దాయన మళ్లీ కబురు పెట్టాడు. "తొందరగా చెయ్యండి. పక్కావిడకు కూడా చెప్పు" అన్నాడు. వాకిలమ్మ విన్నది. పక్కావిడకు కాదు గదా, గోడకు కూడా చెప్పలేదు.

మంగతాయి ఈడు పిల్లలంతా బారెడు ఎదిగారు. మంగతాయి మాత్రం పాత పరికిణీలోనే తిరుగుతోంది. గడ అడిగితే పోలమ్మ, "ఎదిగాక పట్టుకుందువులేవే, ఇప్పుడు నీ చేతులకాగదు" అనేది. ఒకరోజు అమ్మ చూడకుండా గడ ఎత్తింది. ముంజేతి ఎముక పుటుక్కుమంది.

పోలమ్మ వెదురుబద్దలు కట్టి, పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. "ఇది ఇట్లాగే ఉండిపోతుందేమో" అని కుమిలిపోయింది.

లోపల ఎముక కూడా ఏడ్చింది. "ఈసారికి బీట వారాను. ఇంకోసారైతే రెండు ముక్కలే."

ఆ ఏడుపు నెత్తురు వెంట వచ్చి గోడకు తగిలింది. అన్నాళ్లూ నోరెత్తని గోడకు ఒళ్లు మండింది.

"చాల్లెండమ్మా. మీ మాటలు మోసి మోసి నా నడుం పడిపోయింది. మాట్లాడుకోకపోతే మానెయ్యండి. నేను పల్చటిదాన్ని. వాకిలమ్మా, నువ్వు రుబ్బింది నాకు పులుము, అటు ఊరుతుంది. నట్టింటమ్మా, అది తీసి వండు. వండింది నాలోంచే బండి దగ్గరికి పోతుంది."

"అప్పుడు పేరు ఆవిడకేగా?" అంది వాకిలమ్మ.

"ఎదిగేది మంగతాయి. మీ పేర్లు ఎవరిక్కావాలి?" అంది గోడ.

వాకిలమ్మ మెల్లగా ముద్ద తెచ్చి గోడకు పులిమింది. కాసేపటికి అవతల పొయ్యి మీద కుండ ఉడికింది.

ఎముకలు కడుపునిండా తాగాయి. బీట అతుక్కుంది. ఏరు తగ్గి మళ్లీ నిండేసరికి మంగతాయి తలకు ఇంటి చూరు అందింది. పోలమ్మ గడ కూతురి చేతికిచ్చి, తను పడవలో చతికిలబడింది. ఆ పూట ఆమెకెంత హాయిగా ఉందో చెప్పలేను.

శనగగింజ పెద్దాయన మందు వాసన తగలగానే, "ఇక కాస్త ఆగండి" అన్నాడు. తర్వాత తన తప్పు తెలుసుకున్నాడు. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పమంటే ఎట్లా కుదురుతుంది, అదీ తోటికోడళ్లకి?

అప్పటినుంచే తలలోంచి రెండు కబుర్లు విడివిడిగా బయల్దేరతాయి, ఒకటి గోడకు ఇవతలికి, ఒకటి అవతలికి. అప్పటినుంచే ఈస్ట్రోజెన్ చేసే పని సగం ఒకవైపు, మిగతా సగం ఇంకోవైపు జరుగుతుంది. తోటికోడళ్లకు ఇప్పటికీ మాటల్లేవు. ఆడపిల్లలు మాత్రం చక్కగా ఎదుగుతున్నారు.