వైరు ఎక్కడ పెట్టావు

పెళ్లి వీడియో కదలడం లేదు. తలంబ్రాల చోటికి రాగానే కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తోంది. భుజంగం మౌసు వదిలేసి లేచాడు.

"ఉస్తాద్, ఆ కార్డు తిరిగిచ్చేద్దాం. దండగ. సలోమీని కూడా వచ్చే నెల నుంచి రావద్దని చెప్పండి."

మస్తాన్‌వలీగారిది నరసరావుపేటలో పాత ఫోటో స్టూడియో. భుజంగం ఆయన పెద్ద శిష్యుడు. షూటింగూ వాడే, మిక్సింగూ వాడే, ఆల్బమూ వాడే. ఒక్కడే మోస్తున్నాడని ఉస్తాదు ఆ మధ్య రెండు పనులు చేశారు. కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కొనిచ్చారు. అంతవరకూ అన్ని పనులూ చేసే బోర్డే తెరమీద బొమ్మ కూడా చూపించేది; ఆ బరువు కాస్త దించడానికే ఈ కార్డు. భుజంగానికి తోడుగా సలోమీని పెట్టారు. తను వీడియో మిక్సింగ్ చేసే స్టూడియో మూతపడితే, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు మారి వచ్చిన మనిషి. ఆ జీతమే ఆధారం.

కార్డు భుజంగమే బిగించాడు. ఫోన్‌లో చూసి నేర్చిన పని. ఒకర్ని అడగడం వాడికి నామోషీ. కథ చెబుతున్న నాకైతే అడక్కుండా చేసిన పని మొదట్నుంచీ గిట్టదు.

మూలన లెన్సులు తుడుస్తున్న సలోమీ ఆ మాట విన్నది. చెయ్యి ఆగింది. మళ్లీ తుడవసాగింది.

"ఆ అమ్మాయి ఏం చేస్తుందిరా?" అన్నారు ఉస్తాదు.

"ఏం చేస్తుంది? లెన్సులు తుడుస్తుంది. టీ తెస్తుంది."

"టీ బాగుంటుందా?"

"బాగానే ఉంటుంది లెండి."

ఉస్తాదు కంప్యూటర్ ఆపించి, మోకాళ్లు పట్టుకుని దాని వెనక్కి వంగారు. మానిటర్ వైరు ఇంకా పైన, బోర్డుకున్న పాత చోటనే ఉంది. కింద కొత్త కార్డుకి వైరు పెట్టే చోట ప్లాస్టిక్ మూత కూడా తియ్యలేదు.

మూత తీశారు. వైరు పీకి అక్కడ పెట్టారు.

"వెయ్యి."

భుజంగం వేశాడు. కార్డు ఫ్యాను తిరిగింది. తలంబ్రాలు దోసిట్లోంచి జారి పెళ్లికూతురు తలమీద ఒక్కొక్క గింజా కనబడేలా రాలాయి.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "లోపల పెట్టాను కదా, అదే చూసుకుంటుందనుకున్నా."

"దాన్ని కూర్చోబెట్టావు. పని మాత్రం పాతదాన్నే అడిగావు."

ఆ మూత వాడి అరచేతిలో పెట్టి, ఉస్తాదు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

భుజంగం మూతని చూస్తూ నిలబడ్డాడు. మూల వైపు చూశాడు. తన కుర్చీ వెనక్కి లాగాడు.

"సలోమీ, ఈ పెళ్లి నువ్వు చెయ్యి."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నా పద్ధతి వేరేగా ఉంటుందన్నా."

"ఉండనీ."

ఆమె కూర్చుని, వాడు ఎంతో ఇష్టపడి పెట్టుకున్న బాజాల ముక్కని సగానికి కోసేసింది. భుజంగం చెయ్యి మౌసు మీదికి పోయింది.

వెనక ఉస్తాదు దగ్గారు.

భుజంగం ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

"టీ నేను తెస్తా," అని ఫ్లాస్కు తీసుకుని మెట్లు దిగాడు.